స్పాన్సర్‌షిప్ మీద వెళ్లేవారు ఏ దేశాన్ని ఎంచుకోవాలి: ఆస్ట్రేలియా, కెనడా, జపాన్ చిన్న ఊళ్ల ఉద్యోగాల మీద ఒక పోలిక

చెన్నై అంబత్తూరు పారిశ్రామికవాడలో నేను లెక్కలు రాసే ఫ్యాబ్రికేషన్ యూనిట్‌లో సగం మంది తెలుగువాళ్లే. సూళ్లూరుపేట, నాయుడుపేట, గూడూరు వైపు నుంచి వచ్చిన వెల్డర్లు, ఫిట్టర్లు, ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవాళ్లు, లోడు దించి అరగంట నిలబడే లారీ డ్రైవర్లు, ఇంగ్లీషు కాగితం ఏది చేతికొచ్చినా చదివి చెప్పమని నా బల్ల దగ్గరికి తెస్తారు. ఇదివరకు అవి బ్యాంకు నోటీసులో పీఎఫ్ కాగితాలో అయి ఉండేవి. కొన్నేళ్లుగా విదేశీ ఆఫర్ లెటర్లు ఎక్కువయ్యాయి. వాటిలో సిడ్నీ, టొరంటో, టోక్యో పేర్లు కనిపించవు. వారగల్, కాల్గూర్లీ, టిమిన్స్, మూస్ జా వంటి, మన దగ్గర ఎవరూ వినని ఊళ్లుంటాయి. తెచ్చినవారు అడిగేది మాత్రం ఒకటే: "అన్నా, వీటిలో ఏది మంచిది?"

ఈ ప్రశ్నకు జీతం అంకె చూసి జవాబు చెప్పడం తేలిక, కాని అది తప్పుదారి పట్టిస్తుంది. ఆ ఊళ్ల నుంచి యువతరం నగరాలకు వెళ్లిపోయింది, మిగిలినవారు వృద్ధులయ్యారు, వృద్ధాశ్రమాలకూ పాల కేంద్రాలకూ మాంసం ఫ్యాక్టరీలకూ లారీలకూ మనుషులు దొరకడం లేదు. అందుకే పూర్తి నైపుణ్యం ఉన్న ఇంజినీర్లకే తెరిచే తలుపును ఆ ప్రభుత్వాలు మనవంటి సెమీ స్కిల్డ్ పనివారికీ కొంత తెరిచాయి. అయితే వచ్చినవాడు ఆర్నెల్లు తిరక్కుండా పెద్ద నగరానికి పారిపోతే వాళ్లకు ఒరిగేదేమీ లేదు గనుక, ఆ వీసాను ఒక యజమానికో ఒక ప్రాంతానికో ముడిపెట్టారు. మనం నిజంగా పోల్చవలసింది ఆ ముడినే. ఉద్యోగం పోయిన రోజున మీ వీసా ఏమవుతుంది, భార్యాపిల్లలు ఎప్పుడు రావచ్చు, కొన్నేళ్ల తర్వాత ఆ ముడి విడిపోయి స్థిరనివాసం దక్కుతుందా అన్న మూడు ప్రశ్నలకు జవాబు దొరికాకే జీతం సంగతి చూడాలి. నిబంధనలు ఏటా మారుతుంటాయి కాబట్టి ఇక్కడ చెప్పిన అంకెలను దరఖాస్తు చేసే రోజున ఆయా ప్రభుత్వాల అధికారిక వెబ్‌సైట్లలో మరోసారి సరిచూసుకోవాలి.

మీ పని ఏ మెట్టు మీద ఉంది

ఒకే పనిని రెండు దేశాలు రెండు రకాలుగా చూస్తాయి. కెనడాలో టీర్ అనే నిచ్చెనకు సున్నా నుంచి ఐదు దాకా మెట్లున్నాయి. అంకె పెరిగేకొద్దీ అవసరమైన చదువు, శిక్షణ తగ్గుతాయి. వెల్డర్ రెండో మెట్టు, లారీ డ్రైవరూ వంటమనిషీ ఆసుపత్రి నర్స్ ఎయిడూ మూడో మెట్టు, ఇంట్లో వృద్ధులను చూసుకునే సహాయకులు నాలుగో మెట్టు, గోదాములో సరుకు ఎత్తి దించేవారూ ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవారూ ఐదో మెట్టు. ఆస్ట్రేలియా వర్గీకరణలో వెల్డర్ మూడో స్థాయిలో ఉంటాడు గనుక మామూలు స్పాన్సర్‌షిప్ దారిలోనే వెళ్లవచ్చు. లారీ డ్రైవర్, ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవర్, వృద్ధుల సంరక్షకులు నాలుగో స్థాయి గనుక వారికి ప్రత్యేక ఒప్పందం లేనిదే దారి లేదు. అంటే అదే లారీ డ్రైవర్ కెనడా లెక్కలో వంటమనిషి పక్కన నిలబడతాడు, ఆస్ట్రేలియా మామూలు జాబితాలో అసలు కనిపించడు. మీ ఏజెంటుకు ఈ సంగతి తెలుసో లేదో ఒక్కసారి అడిగి చూడండి. ఆయన ఎంత తెలిసినవాడో అక్కడే తేలిపోతుంది.

ఆస్ట్రేలియా

ఆ ప్రత్యేక ఒప్పందాల్లో ఒక ప్రాంతానికి వర్తించేదాన్ని డామా అంటారు. ఒక ప్రాంతం తనకు ఏయే పనివారు కావాలో కేంద్ర ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంటుంది. ఆ జాబితాలో మామూలు వీసాలకు అందని పనులు కూడా చేరతాయి. మొదటిది 2015లో నార్తర్న్ టెరిటరీలో మొదలైంది; 2019లో విక్టోరియాలోని వార్నంబూల్ ప్రాంతానికి ఒకటి వచ్చింది; ఆ తర్వాత పశ్చిమ ఆస్ట్రేలియా గనుల ప్రాంతాలు, దక్షిణ ఆస్ట్రేలియా, క్వీన్స్‌లాండ్ ఉత్తర భాగం ఇలా పెరుగుతూ వచ్చాయి. ఈ దారిలో కొన్ని పనులకు వయసు పరిమితిని 55 దాకా సడలిస్తారు, ఇంగ్లీషు స్కోరులోనూ జీతం కనీస పరిమితిలోనూ కొంత రాయితీ ఇస్తారు. జీతం రాయితీ ఉన్నా, అదే ఊళ్లో అదే పని చేసే ఆస్ట్రేలియా మనిషికిచ్చే దానికంటే తక్కువ ఇవ్వడానికి వీల్లేదు. మామూలు స్పాన్సర్‌షిప్‌లో కనీస వార్షిక జీతం 2025 జూలై 1 నుంచి 76,515 ఆస్ట్రేలియా డాలర్లు. ఈ అంకెను ఏటా జూలైలో సవరిస్తారు.

ఈ వ్యవహారం నడిచే వరస తెలిస్తే సగం మోసాలు వాటంతటవే బయటపడతాయి. ముందుగా యజమాని ఆ ప్రాంత ప్రతినిధి సంస్థ ఆమోదం తీసుకోవాలి. తర్వాత హోమ్ అఫైర్స్ శాఖతో లేబర్ అగ్రిమెంట్, అంటే పనివారిని తెచ్చుకునే ఒప్పందం, కుదుర్చుకోవాలి. ఆ పైన ఫలానా మనిషిని ఫలానా పనికి నామినేట్ చేయాలి. ఇవన్నీ అయ్యాకే మీ వీసా దరఖాస్తు. మొదటి రెండు మెట్లలో మీకు ఏ పాత్రా లేదు. కాబట్టి యజమాని పేరే చెప్పకుండా "డామా వీసా ఇప్పిస్తాం, ముందు ఫైలు ఓపెన్ చేయండి" అనేవారు అమ్ముతున్నది తమ చేతిలో లేని సరుకు. లేబర్ అగ్రిమెంట్ ఉన్న సంస్థల జాబితాను ఆ శాఖే ప్రకటిస్తుంది. ఆఫర్ లెటర్ మీదున్న పేరు అందులో ఉందో లేదో చూడటానికి పావుగంట చాలు.

ఈ ఒప్పందం కింద ముఖ్యంగా రెండు రకాల వీసాలు వస్తాయి, వాటి మధ్య తేడా పెద్దది. 482 తాత్కాలిక వీసా. 2019 నవంబరులో మొదలైన 494 ప్రాంతీయ వీసాకు ఐదేళ్ల గడువు ఉంటుంది. దాని మీద మూడేళ్లు ఆ ప్రాంతంలో ఉండి పని చేసి, పన్ను లెక్కలు చూపగలిగితే 191 అనే స్థిరనివాస వీసాకు దరఖాస్తు చేసుకోవచ్చు. 482 నుంచి స్థిరనివాసానికి దారి లేదని కాదు, అది ఆయా ఒప్పందంలోని షరతుల మీదా మళ్లీ యజమాని నామినేట్ చేయడం మీదా ఆధారపడుతుంది. అందుకే ఆఫర్ లెటర్‌లో వీసా నంబరు ఏదని మొదట చూస్తాను. రాయితీ లేకుండా 494కు వెళ్లాలంటే 45 ఏళ్ల లోపు వయసు, ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్షలో ప్రతి విభాగంలోనూ 6 కావాలి. మన వెల్డర్లకు అడ్డుపడేది రాత విభాగమే. వెల్డింగ్ వంటి ట్రేడ్ పనులకు భారత పాస్‌పోర్టు ఉన్నవారిని ట్రేడ్స్ రికగ్నిషన్ ఆస్ట్రేలియా నైపుణ్య పరీక్ష కూడా అడగవచ్చు.

ఇక్కడ "ప్రాంతీయం" అన్న మాటకు మనం అనుకునే అర్థం లేదు. 494 లెక్కలో సిడ్నీ, మెల్‌బోర్న్, బ్రిస్బేన్ తప్ప మిగతా దేశమంతా ప్రాంతీయమే. పెర్త్, అడిలైడ్ కూడా ఆ కిందికే వస్తాయి. పొలాల మధ్యే బతకాలేమోనని భయపడి వెనక్కి తగ్గినవారిని చూశాను. అయితే మీ డామా ఒక జిల్లాకు పరిమితమైతే మాత్రం ఆ జిల్లాలోనే పని చేయాలి.

ఉద్యోగం పోతే ఏమవుతుందన్న ప్రశ్నకు ఆస్ట్రేలియా జవాబు ఇప్పుడు మెరుగుపడింది. 2024 జూలై 1 నుంచి ఒక విడతలో 180 రోజులు, వీసా కాలం మొత్తం మీద 365 రోజులు కొత్త స్పాన్సర్‌ను వెతుక్కోవడానికి ఇస్తున్నారు, ఆ వెతుకులాటలో మరోచోట పని చేసుకోనిస్తారు కూడా. భార్యాపిల్లలు మొదటి నుంచే రావచ్చు, జీవిత భాగస్వామి పని చేయవచ్చు. ఒక్క మాట మరిచిపోకూడదు: స్పాన్సర్‌షిప్ కోసం యజమానికి డబ్బు ఇవ్వడం, తీసుకోవడం రెండూ అక్కడ చట్టవిరుద్ధమే. ఇచ్చినవాడి వీసా కూడా రద్దు కావచ్చు. యజమాని కట్టవలసిన శిక్షణ నిధి రుసుము, వార్షిక టర్నోవరు కోటి డాలర్ల లోపున్న సంస్థకు 482 వీసా మీద ఏడాదికి 1,200 డాలర్లు, పెద్ద సంస్థకు 1,800 డాలర్లు. దాన్ని మీ జీతంలో కోయడానికి వీల్లేదు.

మన డ్రైవర్లకు ఒక హెచ్చరిక. ఇక్కడి హెవీ లైసెన్సును అక్కడి హెవీ లైసెన్సుగా నేరుగా మార్చి ఇవ్వరు, అక్కడి పరీక్షలు మళ్లీ పాస్ కావాలి. పూందమల్లి రోడ్డు మీద ఇరవై ఏళ్లు లారీ నడిపిన చేయి కూడా అక్కడ మొదట కొత్త చేయే.

కెనడా

కెనడా పేరు మీద మన దగ్గరికి వచ్చే కాగితాల్లో రెండు వేర్వేరు జాతులున్నాయి, వాటిని కలిపి చూడటమే పెద్ద పొరపాటు. ఒకటి ఎల్‌ఎంఐఏ మీద వచ్చే వర్క్ పర్మిట్, రెండోది నేరుగా స్థిరనివాసం ఇచ్చే ప్రాంతీయ పథకాలు.

స్థానికంగా మనుషులు దొరకడం లేదని యజమాని ప్రభుత్వం నుంచి తెచ్చుకునే అనుమతి ఎల్‌ఎంఐఏ. దాని రుసుము 1,000 కెనడా డాలర్లు, అది యజమానే భరించాలి. 2024 సెప్టెంబరు 26 నుంచి తక్కువ వేతన విభాగంలో గడువును ఒక ఏడాదికి కుదించారు, నిరుద్యోగం 6 శాతం లేదా అంతకంటే ఎక్కువ ఉన్న మహానగర ప్రాంతాల దరఖాస్తులను కొన్ని రంగాలకు తప్ప తీసుకోవడం లేదు. పర్మిట్ ఒకే యజమానికి కట్టుబడి ఉంటుంది. వేధింపులకు గురైనవారికి 2019 నుంచి ఓపెన్ వర్క్ పర్మిట్ ఇస్తున్నా, వేధింపును నిరూపించుకునే భారం పనివాడి మీదే పడుతుంది. 2025 మార్చి 25 నుంచి ఎల్‌ఎంఐఏ ఉన్న ఉద్యోగానికి, పాయింట్ల లెక్కన స్థిరనివాసానికి ఎంపిక చేసే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో ఇచ్చే అదనపు పాయింట్లు కూడా తీసేశారు. ఇంత జరిగాక కూడా లక్షలు పోసి ఒక ఏడాది కాగితం కొనేవారున్నారంటే, అమ్మేవారి నోటి మాట ఎంత తియ్యనిదో ఊహించుకోవచ్చు.

రెండో జాతి వేరు. నోవా స్కోషియా, న్యూ బ్రన్స్‌విక్, ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలాండ్, న్యూఫౌండ్‌ల్యాండ్ అండ్ లాబ్రడార్‌లకు అట్లాంటిక్ ఇమిగ్రేషన్ ప్రోగ్రామ్ ఉంది. 2017లో ప్రయోగంగా మొదలై 2022లో శాశ్వత పథకమైంది. అందులో నాలుగో మెట్టు పనుల దాకా తీసుకుంటారు. రూరల్ కమ్యూనిటీ ఇమిగ్రేషన్ పైలట్ 2025 జనవరి 30న ప్రారంభమైంది. సడ్‌బరీ, టిమిన్స్, థండర్ బే, బ్రాండన్, మూస్ జా, క్లారెస్‌హోమ్ వంటి 14 ప్రాంతాలు అందులో ఉన్నాయి. ఇది ఐదో మెట్టు దాకా వెళుతుంది. ఈ రెండింటికీ ఎల్‌ఎంఐఏ అక్కరలేదు. అయితే యజమాని ఆ పథకం కింద గుర్తింపు పొందినవాడై ఉండాలి, రెండో పథకంలో ఆ ఊరి సంస్థ మిమ్మల్ని సిఫారసు చేయాలి. ఫలితంగా వచ్చేది స్థిరనివాసం. ఆ ఊళ్లో ఉండే ఉద్దేశంతోనే దరఖాస్తు చేయాలి, కాని స్థిరనివాసం వచ్చాక దేశంలో ఎక్కడైనా బతికే హక్కు వారి రాజ్యాంగమే ఇస్తుంది. ముడి ఎంత త్వరగా విడుతుందన్న నా కొలతలో ఈ పథకాలదే మొదటి స్థానం.

కాని గుమ్మం చాలా ఇరుకు. ఇంగ్లీషు పరిమితి నిజానికి తేలికే: నాలుగు, ఐదు మెట్లకు సీఎల్‌బీ అనే కెనడా భాషా కొలమానంలో 4 చాలు, అంటే ఐఈఎల్‌టీఎస్ జనరల్‌లో వినడంలో 4.5, చదవడంలో 3.5, రాయడంలో 4, మాట్లాడటంలో 4. చదువు దగ్గరే చాలామంది ఆగిపోతారు. కెనడా హైస్కూలుకు సమానమైన చదువు కావాలి, దాన్ని అక్కడి గుర్తింపు సంస్థతో మదింపు చేయించాలి. పదో తరగతి చాలదు, ఇంటర్మీడియట్ కావాలి. ఒక్కో ఊరికీ ఏటా దరఖాస్తుల పరిమితి ఉంటుంది, తమకు కావలసిన ఐదు రంగాలను, 25కు మించకుండా వృత్తులను ఆ ఊళ్లే ఎంచుకుంటాయి. అక్కడ ముందుగా ఉద్యోగంలో లేనివారు ఆదాయం లేకుండా కొన్నాళ్లు నెగ్గుకురావడానికి బ్యాంకులో డబ్బు కూడా చూపాలి.

అన్నిటికంటే మనవాళ్లను దెబ్బతీసేది అనుభవం రుజువు. రూరల్ పథకానికి గత మూడేళ్లలో కనీసం 1,560 గంటల సంబంధిత పని చూపాలి, భారతదేశంలో చేసినదీ చెల్లుతుంది. పని చేశారు, చేతి మీద కాలిన మచ్చలే సాక్ష్యం. కాని కాగితం ఏది? అంబత్తూరులో, తిరుముల్లైవాయల్‌లో, శ్రీపెరుంబుదూరులో పెద్ద కంపెనీ గేటు లోపల పని చేసే వెల్డర్ నిజానికి కాంట్రాక్టరు మనిషి. కాంట్రాక్టరు ఏడాదికోసారి పేరు మార్చి కొత్త లైసెన్సు తీస్తాడు, జీతంలో సగం బ్యాంకులో, సగం చేతికి. విదేశాల ఆలోచన ఉన్నవారు ఈ రోజే చేయవలసిన పని ఒకటుంది: జీతం మొత్తం బ్యాంకు ద్వారా ఇమ్మని అడగడం, యూఏఎన్ నంబరుతో పీఎఫ్ సర్వీసు చరిత్రను దించుకుని దాచడం, కాంట్రాక్టరు మారేటప్పుడల్లా చేసిన పని, వారానికి గంటలు, జీతం రాసిన లెటర్ తీసుకోవడం. సొంత లారీ నడుపుకునేవారికి ఇంకో చిక్కు: స్వయం ఉపాధిని ఈ పథకంలో అనుభవంగా లెక్కించరు. లారీకి ఓనరైనవాడు ఓడిపోయి, అతని దగ్గర జీతానికి నడిపినవాడు నెగ్గే విచిత్రం ఇది.

ఉద్యోగం ఏమిటో కూడా స్పష్టంగా అడగండి. "ఫుడ్ ప్రాసెసింగ్" అని ఉన్నచోట చాలాసార్లు పశువుల, పందుల మాంసం కోసే లైను ఉంటుంది. అది గౌరవమైన పనే, అక్కడి ఊళ్లు దాని మీదే బతుకుతాయి. కాని ఇంట్లో గోమాంసం పేరెత్తనివాడు విమానం దిగాక ఆ సంగతి తెలుసుకోకూడదు.

జపాన్

జపాన్‌లో 2019 ఏప్రిల్‌లో మొదలైన స్పెసిఫైడ్ స్కిల్డ్ వర్కర్ విధానం మీద భారతదేశం 2021 జనవరిలో ఒప్పందం చేసుకుంది. వృద్ధుల సంరక్షణ, నిర్మాణం, వ్యవసాయం, హోటళ్లు, ఆహార తయారీ వంటివి దీని కిందికి వస్తాయి. 2024లో లారీ, బస్సు నడపడం కూడా చేరింది. ఇంగ్లీషు అక్కరలేదు, డిగ్రీ అక్కరలేదు. చాలా పనులకు ఎన్4 స్థాయి (జపనీస్ భాషా పరీక్షలో కింది నుంచి రెండో మెట్టు), ఆ రంగంలో నైపుణ్య పరీక్ష, సంరక్షణ పనికైతే దానికి సంబంధించిన భాషా పరీక్ష మరొకటి పాస్ కావాలి. క్రియ చివర రావడం, విభక్తులు పదం వెనక తగలడం మనకు అలవాటే గనుక మాట్లాడటం తెలుగువారికి అనుకున్నంత కష్టం కాదు. లిపి మాత్రం నిజంగా కష్టం. సాయంత్రం తరగతులకు వెళ్లేవారు ఎనిమిది, తొమ్మిది నెలలైనా కేటాయించుకోవాలని నా అంచనా.

ముడి సంగతి: అదే రంగంలో యజమానిని మార్చుకోవచ్చు, కాని ఇమిగ్రేషన్ అనుమతి వచ్చేదాకా కొత్తచోట పని చేయకూడదు, మూడు నెలలకు పైగా కారణం లేకుండా పని లేకుండా ఉంటే నివాస హోదా రద్దయ్యే అవకాశం ఉంది. మొదటి రకం హోదాలో మొత్తం ఐదేళ్లు, కుటుంబం రాకూడదు. రెండో రకానికి ఎదిగితే కుటుంబాన్ని తీసుకెళ్లవచ్చు, ఎన్నిసార్లైనా పొడిగించుకోవచ్చు. స్థిరనివాసానికి సాధారణంగా పదేళ్లు అక్కడ ఉండాలి, అందులో ఐదేళ్లు పని హోదాలో గడవాలి. ఆ ఐదేళ్ల లెక్కలోకి మొదటి రకం హోదాలో గడిపిన కాలం రాదు. చాలామంది శిక్షణ కేంద్రాలవారు ఈ వాక్యాన్ని మింగేస్తారు. జీతం అదే పని చేసే జపాన్ మనిషికి తగ్గకూడదన్నది చట్టం. అయితే కనీస వేతనం ప్రాంతాన్ని బట్టి మారుతుంది. 2024లో గంటకు టోక్యోలో 1,163 యెన్‌లు ఉంటే అకితాలో 951 యెన్‌లు. పనివారి నుంచి హామీ సొమ్ము తీసుకోవడం నిషిద్ధం, అక్కడ చేరాక ఇచ్చే సహాయ సేవల ఖర్చునూ పనివారి మీద వేయకూడదు.

గల్ఫ్ సంగతి ఇక్కడ ఎక్కువ చెప్పను. త్వరగా వెళ్లవచ్చు, భాషా పరీక్షలుండవు. స్థిరనివాసం మాత్రం పనివారికి అందేది కాదు. అప్పు తీర్చి, ఇల్లు కట్టి తిరిగి రావాలనుకునేవారికి అది చాలు. పదో తరగతి పాస్ కానివారికి ఆ దేశాలకు వెళ్లేటప్పుడు ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ క్లియరెన్సు కావాలి. ఆ కార్యాలయం చెన్నైలోనూ హైదరాబాదులోనూ ఉంది.

ఎవరి ద్వారా వెళ్లాలి

మా పెదనాన్నగారి అబ్బాయి నగరంలోని ఒక కన్సల్టెన్సీకి నాలుగు లక్షలు అడ్వాన్సు కట్టాడు. ఇచ్చిన కాగితం మీద ఎల్‌ఎంఐఏ నంబరుంది, ముద్ర ఉంది, యజమాని సంతకం ఉంది. ఎల్‌ఎంఐఏ మంజూరైన యజమానుల జాబితాను కెనడా ప్రభుత్వం మూడు నెలలకోసారి ప్రకటిస్తుందని నాకు అప్పటికి తెలియదు. తెలిశాక వెతికితే ఆ పేరు లేదు. రసీదులో "కౌన్సెలింగ్ ఫీజు" అని రాసి ఉండటంతో ఇచ్చిన డబ్బు దేనికో నిరూపించడమే కష్టమైంది.

విదేశీ ఉద్యోగాలకు మనుషులను ఎంపిక చేసే ఏజెంటు 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద నమోదై ఉండాలి. కేంద్ర ప్రభుత్వ ఈమైగ్రేట్ వెబ్‌సైటులో పేరు వెతికితే తెలుస్తుంది. వాళ్లు పనివారి నుంచి తీసుకోదగిన సేవా రుసుము 30,000 రూపాయలు, దాని మీద జీఎస్‌టీ. ఫారాలు నింపిపెట్టే వీసా కన్సల్టెంట్లు వేరు, ఉద్యోగం ఇప్పించే ఏజెంట్లు వేరు. మొదటి బోర్డు పెట్టుకుని రెండో పని చేసేవారితోనే ప్రమాదం. చెన్నైలో ఉన్నవారు ముందుగా గిండీలోని ఓవర్సీస్ మ్యాన్‌పవర్ కార్పొరేషన్‌లో విచారించడం మంచిది. అది 1978లో ఏర్పడిన తమిళనాడు ప్రభుత్వ సంస్థ. తెలంగాణవారికి అలాంటి ప్రభుత్వ సంస్థే టామ్‌కామ్ ఉంది.

ఇక ఎంపిక

ఇరవై ఏడేళ్ల వెల్డర్, పెళ్లి కాలేదు, ఇంటర్ పాసయ్యాడు, పీఎఫ్ చరిత్ర సక్రమంగా ఉంది. అతనికి నా సలహా మొదట కెనడా ప్రాంతీయ పథకాలు, వాటితోపాటే ఆస్ట్రేలియా 494; రెండింటికీ ఐఈఎల్‌టీఎస్ జనరల్ పనికొస్తుంది కాబట్టి తయారీ ఒక్కటే. ఐటీఐ చేసి ఇంటర్ లేనివాడైతే కెనడాకు ముందు ఆ ఐటీఐ సర్టిఫికెట్‌ను మదింపు చేయించి చూడాలి. హైస్కూలుకు సమానం కాదని తేలితే ఓపెన్ స్కూల్‌లో ఇంటర్ కట్టడం ఏజెంటుకు కట్టే అడ్వాన్సు కంటే చాలా చవక.

వృద్ధుల సంరక్షణలో పని చేసిన ముప్ఫై ఏళ్ల మహిళ, ఇద్దరు చిన్న పిల్లల తల్లి అయితే నేను జపాన్‌ను సిఫారసు చేయను. అక్కడ సంరక్షణ పనికి గిరాకీ ఎక్కువే, అక్కడి జాతీయ సంరక్షకుల పరీక్ష పాసైతే కుటుంబాన్ని తెచ్చుకునే హోదా కూడా వస్తుంది. కాని అది నాలుగైదేళ్ల తర్వాతి మాట, పిల్లల ఆ వయసు మళ్లీ రాదు. ఆస్ట్రేలియాలో వృద్ధాశ్రమాల రంగానికి 2023లో వచ్చిన ప్రత్యేక లేబర్ అగ్రిమెంట్ ఆమెకు సరైన తలుపు. అదే మహిళ అవివాహిత అయి, ఇంగ్లీషు అంటే భయపడి, కొత్త భాష నేర్చుకునే ఓపిక ఉన్నదైతే నా జవాబు తిరగబడుతుంది.

నలభై మూడేళ్ల లారీ డ్రైవర్‌కు కాలమే శత్రువు. జీతానికి నడిపిన రుజువు, ఇంటర్ ఉంటే కెనడా చూడవచ్చు, కాని అంత వయసువారిలో ఆ రెండూ కలిసి ఉన్నవారు నాకు తక్కువగా తగిలారు. అతనికి మిగిలింది వయసు రాయితీ ఉన్న డామా ప్రాంతం. దానికి యజమాని దొరకడానికి ఏడాది పట్టినా పట్టవచ్చు కాబట్టి, ఈలోగా ఇంగ్లీషు పరీక్ష రాసి, సర్వీసు లెటర్లు కూడబెట్టి, లైసెన్సు రికార్డు ఆర్టీవో నుంచి తెచ్చుకుని సిద్ధంగా ఉండాలి. ఈ మూడింటికీ కలిపి నలభై వేల లోపే అవుతుంది, అందులో ఒక్క రూపాయి కూడా ఏజెంటుకు పోదు.